పచ్చ లైటు వెలిగిన కాలు

నేను చదువుకున్న నర్సింగ్ స్కూలు నుంచి మొన్న ఇద్దరు ఆడపిల్లలు మా ఇంటికి వచ్చారు. స్కూలు సంచికలో వేయడానికి నా ఉద్యోగంలోంచి ఏదైనా ఒక అనుభవం రాసివ్వమన్నారు. "కొత్త టెక్నాలజీ గురించైతే ఇంకా మంచిగుంటది మేడం" అంది అందులో ఒకమ్మాయి. ఆమె చేతికున్న గడియారం టైముతో పాటు నాడి కూడా చెబుతుందట. చాయ్ తాగినంతసేపూ ఆ పిల్ల మాటిమాటికీ తన నాడిని చూసుకుంటూనే ఉంది. మా కాలంలో మేం రోగి నాడి పట్టుకునేవాళ్ళం, మీరు మీ నాడే పట్టుకుంటున్నారేమిటే అని ఏడిపించాను. ఇద్దరూ నవ్వారు.

సరే, టెక్నాలజీ గురించే రాస్తున్నాను. చదివాక అచ్చు వేస్తారో, పక్కన పడేస్తారో మీ ఇష్టం. ఇందులో నేను గెలిచింది ఏమీ లేదు. ఆ మాటకొస్తే ఎవరూ గెలిచింది లేదు.

నా ఉద్యోగమంతా పుండ్లతోనే గడిచింది. కరీంనగర్‌లో ఒక ట్రస్టు ఆసుపత్రి డ్రెస్సింగ్ గదికి చాలా ఏళ్ళు నేనే పెద్దదిక్కు. కాలిన పుండ్లు, మంచం పట్టిన వాళ్ళ వీపు పుండ్లు, పాము కరిచి తోలు ఊడిన పుండ్లు, అన్నీ చూశాను. అన్నం దగ్గర కూడా వాటి ముచ్చటే పెడతానని మా ఇంట్లో శుభకార్యాలకు నన్ను ఆఖరి బంతిలో కూర్చోబెట్టేవారు. అన్నిటిలోకీ షుగర్ పుండు మోసకారిది. దానికి నొప్పి ఉండదు. కాలు మొద్దుబారిపోయి ముల్లు దిగినా తెలియదు, చెప్పు జారిపోయినా తెలియదు. నొప్పి పెట్టని పుండును ఎవరు పట్టించుకుంటారు? దానికి వైద్యం చెప్పుకోవడానికి చాలా చిన్నది. కడగాలి, కట్టు మార్చాలి, కాలు నేలకు మోపకూడదు. మొదటి రెండూ మేం చేస్తాం. మూడోది రోగి చేయాలి. మన పల్లెల్లో కాలు నేలకు మోపకుండా బతకగలిగే మనిషిని ఎవరైనా నాకు చూపించండి.

నేను రిటైరయ్యే రోజులు దగ్గర పడుతుండగా మా ఆసుపత్రికి ఆ పట్టీ వచ్చింది. హైదరాబాద్‌లోని ఒక కంపెనీ తయారు చేసింది. ఇంట్లోనే ఉండి పుండు మాన్పుకోవచ్చని, ముందు మా జిల్లాల్లో వాడి చూస్తామని వచ్చారు. మెత్తటి పట్టీ, పుండు మీద పరిచి పాదం చుట్టూ చుట్టుకోవాలి. దాని మీద అంగీ గుండీ కంటే కాస్త పెద్దదైన బిళ్ళ. ఆ బిళ్ళ పుండు ఎంత వెచ్చగా ఉందో, ఎంత తడిగా ఉందో కనిపెట్టేది. పుండు తొందరగా పూడటానికి సన్నటి కరెంటు ఇచ్చేది. పాదం ఎంత కదులుతోందో కూడా చూసేది. అదంతా ఇంట్లో ఉన్న స్మార్ట్ ఫోనుకు చేరితే, ఫోను మా ఆసుపత్రిలో ఉన్న తెరకు పంపేది. బిళ్ళకు చిన్న లైటు ఉంది. పచ్చగా వెలిగితే పుండు మానుతున్నట్టు. ఎర్రగా వెలిగితే చీము పడుతున్నట్టు. పట్టీని ఒంటి మీద నుంచి తీస్తే లైటు ఆరిపోతుంది. షరతు ఒక్కటే. ఫోను పట్టీకి దగ్గరలోనే ఉండాలి, దూరమైతే కబురు చేరదు.

అది మంచి వస్తువు. దాన్ని తిట్టడానికి నేనిది రాయడం లేదు. అది చెప్పిందేదీ అబద్ధం కాదని మీకు చివరికి తెలుస్తుంది.

పట్టీ రాకముందు నేనూ ఇంకో నర్సూ ఊళ్ళు తిరిగి కట్లు మార్చేవాళ్ళం. పట్టీ వచ్చాక పద్ధతి మార్చారు. ఎర్ర లైటు ఉన్న ఇంటికే వెళ్ళాలి, పచ్చ లైటు ఇంటికి వెళ్ళడం దండగ అన్నారు. నర్సులం ఇద్దరం, చూడాల్సిన ఊళ్ళు జమ్మికుంట నుంచి ఉట్నూరు అవతలి దాకా. లెక్క సబబుగానే తోచింది. పుండు ఫోటో తీసి పంపాలన్న నియమం మొదట్లో ఉండేది. వచ్చిన ఫోటోల్లో సగం నేలవి, సగం వేళ్ళవి. విసిగిపోయి ఆ నియమం తీసేశారు. పట్టీయే అన్నీ చెబుతోంది కదా, ఫోటో ఎందుకన్నారు.

ఇప్పుడు ఆమె సంగతి. జమ్మికుంటకు దగ్గర్లో ఒక పల్లె. వాళ్ళూ మా లాగే మెథడిస్టు సంఘం వాళ్ళు కావడంతో మొదటి రోజే ఆమెను అక్కా అన్నాను, ఆమె భర్తను బావా అన్నాను. ఆయన టైలరు. ముందు గదిలో కుట్టు మిషను, ఊళ్ళో ఆడవాళ్ళ రవికెలు, బడిపిల్లల లాగులు. ఇంటికి ఉన్న ఒక్క స్మార్ట్ ఫోనును కిటికీ ఊచకు కట్టి, పొద్దస్తమానం దేవుని పాటలు పెట్టుకుని కుట్టుకునేవాడు. ఆమెది చేను పని. కొంచెం సొంత పత్తి చేను ఉంది. కిందటేడు పత్తి కట్టె నరికేసిన చోట మిగిలిన కొయ్య ఆమె అరికాల్లో దిగింది. ఇంటికి వచ్చి గచ్చు మీద రక్తపు అడుగులు చూసి, ఇవి ఎవరివని అడిగిందట. బావ ఆ సంగతిని నాకు నవ్వుతూ చెప్పాడు.

పట్టీ కట్టిన రోజు ఇద్దరినీ కూర్చోబెట్టి అన్నీ వివరించాను. లైటు ఆరిపోవద్దని, ఆరితే ఆసుపత్రిలో తెలుస్తుందని, హైదరాబాద్ నుంచి నాకు ఫోను వస్తుందని చెప్పాను.

"ఆరిపోతే నిన్ను తిడుతరా సిస్టరమ్మా?" అని ఆమె అడిగింది.

"తిట్టక ముద్దు పెట్టుకుంటరా అక్కా?"

"అయితే ఒక్కనాడు గూడ ఆరిపోనియ్య" అంది. బావ కూడా తల ఊపాడు. ఆ మాట వాళ్ళిద్దరూ ఎంత గట్టిగా పట్టుకున్నారో అప్పుడు నాకు తెలియదు.

దసరా దాటి పత్తి పగలడం మొదలైంది. ఒక రోజు పగలంతా తెర మీద ఆమె గడి ఖాళీగా ఉండి, సాయంత్రానికి ఎర్రగా వెలిగింది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, ఆటో ఎక్కి, ఆటో పోని చోట నడిచి వెళ్ళాను. ఇంట్లో బావ ఒక్కడే ఉన్నాడు. ఆమె కోసం కబురు పంపితే చాలాసేపటికి వచ్చింది, ఒడినిండా పత్తి, పాదం నిండా బురద. పట్టీ అంచులు లేచిపోయి ఉన్నాయి.

"చేనుకు పోవద్దని చెప్పితి గద అక్కా."

"మన చేనుకు పోకుంటె పాయె, బదులుకు పోకపోతే ఎట్ల సిస్టరమ్మా? మొన్న పదిమంది ఆడోళ్ళొచ్చి మన పత్తి ఏరి పోయిండ్రు. వాళ్ళ చేన్లకు నేను పోవాలె గద."

అక్కడి పద్ధతి అది. పత్తి ఏరడానికి ఆడవాళ్ళు ఒకరి చేనుకు ఒకరు వెళతారు. వచ్చిన వాళ్ళందరి చేన్లకూ మళ్ళీ తను వెళ్ళి తీర్చాలి. దాన్నే బదులు అంటారు. కూలి ఇస్తామన్నా ఒప్పుకోరు. మనిషికి మనిషే. ఈ ఏడు బదులు తప్పిన ఆమె చేనుకు వచ్చే ఏడు ఎవరూ రారు, పగిలిన పత్తి వాననీళ్ళకు నల్లబడి చెట్టు మీదే పోతుంది.

"బావను పంపరాదూ మరి?"

"మగోడు ఆడోళ్ళ బదులుకు పోతే ఊరు నవ్వదా? అయినా గాయినకు గుండీలు కుట్టుడొస్తది గని పత్తి ఏరుడు రాదు."

బావ మిషను మీద నుంచే "నిజమే సిస్టరమ్మా, నేను ఏరితె పత్తిల ఆకే ఎక్కువుంటది" అన్నాడు. నేను ఆమెను తిట్టాను, బతిమాలాను, కాలు పోతుందని భయపెట్టాను. విన్నంతసేపూ వింది. ఆ పుండు కడిగి, కొత్త పట్టీ కట్టి లేవబోతుంటే నా మోకాళ్ళు పట్టేశాయి. అప్పటికే అవి అరిగి ఉన్నాయి. గోడ పట్టుకుని లేచాను. "నీ కాలు మంచిగయ్యేలోపట నా కాళ్ళు పోయేటట్టున్నయక్కా" అన్నాను, సరదాకే. బావ నవ్వాడు. ఆమె నవ్వలేదు. నా మోకాలి మీద చెయ్యి పెట్టి నిమురుతూ, "బగ్గ నొస్తున్నయా?" అని అడిగింది.

తర్వాత ఇంకా కొన్నిసార్లు ఎర్రగా వెలిగింది, వెళ్ళాను. ప్రతిసారీ అదే తంతు. ప్రతిసారీ ఆమె నాకు పీట తెచ్చి వేసేది. నేను కింద కూర్చోవద్దని, తను మంచం ఎక్కి కాలు నా ఒళ్ళోకి చాపేది. ఆ తర్వాత ఒక రోజు లైటు పచ్చబడింది. మర్నాడూ పచ్చగానే ఉంది. ఇక పచ్చగానే ఉండిపోయింది.

మా తెర దగ్గర కంపెనీ తరఫున ఒక కుర్ర ఇంజనీరు కూర్చునేవాడు. బుద్ధిమంతుడు, ఎవరినీ చిన్నచూపు చూసే రకం కాదు. ఒక రోజు నన్ను పిలిచి ఆమె పాదం కదలికల గీతలు చూపించాడు. అలల్లా పైకీ కిందకీ ఒకే తీరుగా ఉన్నాయి. "మేడం, మీరు నేర్పిన వ్యాయామం చూడండి ఎంత చక్కగా చేస్తున్నారో. పొద్దున మొదలుపెడితే భోజనం వేళకు ఆపుతారు, మళ్ళీ సాయంత్రం దాకా" అన్నాడు. కూర్చున్న చోటే మడమ ఆనించి పాదాన్ని పైకీ కిందికీ ఆడించమని నేను అందరికీ నేర్పేదాన్ని. ఎవరూ చేసేవారు కాదు. "మా అక్క మొండిది, పట్టిందంటే విడవదు" అని గొప్పగా చెప్పుకున్నాను. డాక్టరు గారు కూడా వచ్చి చూసి, ఇలాంటి పేషెంటు ఒక్కరు చాలు, కంపెనీ కష్టం ఫలించినట్టేనన్నారు.

మధ్యలో ఫోను చేసేదాన్ని. సాయంత్రాలు ఆమే మాట్లాడేది. "మంచిగున్న సిస్టరమ్మా. లైటు పచ్చగనే ఉన్నది గద. నువ్వు గింత దూరం రాకు" అనేది. గొంతు నీరసంగా ఉండేది. పత్తి ఏరే రోజుల్లో ఎవరి గొంతైనా అంతే. పట్టీలు జమ్మికుంట మందుల షాపులో ఇచ్చిపెట్టేవాళ్ళం, బావ వెళ్ళి తెచ్చుకునేవాడు.

ఆ రోజుల్లో నా తిరుగుడంతా ఆదిలాబాద్ పక్కనే. ఉట్నూరు అవతల ఒక ముసలాయన ఉండేవాడు. ఆయన లైటు ఎప్పుడూ ఎరుపే. పట్టీ కింద గోక్కునేవాడు, దాని మీద పసుపు రాసేవాడు, ఒకసారి మేకపిల్ల దాని అంచు నమిలింది. "బాయీ, గీ డబ్బీకి నేనేం పాపం జేసిన? నన్ను జూస్తెనే ఎర్రగైతది" అని నాకే ఫిర్యాదు చేసేవాడు. నిర్మల్‌లో బస్సు మారి, రోజంతా ప్రయాణం చేసి, ఆయన్ను తిట్టుకుంటూ కట్టు కట్టి వచ్చేదాన్ని. మళ్ళీ ఎరుపు, మళ్ళీ పోవడం. నేను అన్నిసార్లు వెళ్ళి కడిగాను గనక ఆయన పుండు మానింది. ఇప్పటికీ ఆ ముసలాయన రెండు కాళ్ళ మీద సంతకు పోతున్నాడని విన్నాను. ఆయన చెడ్డపేరే ఆయనను కాపాడింది.

క్రిస్మస్ దగ్గర పడింది. కంపెనీ పెద్దాయన ఒకరు హైదరాబాద్ నుంచి వచ్చారు. బాగా మానిన ఒక పేషెంటును ఇంటి దగ్గరే చూసి, వీడియో తీసుకుందామన్నారు. ఎవరి దగ్గరికని అడగనవసరం లేదు. ముందుగా కబురు పెడదామంటే ఆయన వెంట వచ్చిన కెమెరా అతను వద్దన్నాడు. చెప్పి వెళితే ముస్తాబై కూర్చుంటారు, సహజంగా ఉండదన్నాడు. శాలువా కొన్నారు, పండ్ల బుట్ట కొన్నారు. నేను మా ఇంటి నుంచి ఆమెకని బెల్లం వేయని అరిసెలు చేయించి తీసుకుపోయాను. బెల్లం లేకుండా అరిసెలేమిటని దారి పొడుగునా డాక్టరు గారు నన్ను ఆటపట్టించారు. ఉద్యోగంలో నేను అంత సంతోషంగా వెళ్ళిన ప్రయాణాలు తక్కువ.

ఇంటి ముందు కారు దిగేసరికి లోపల మిషను చప్పుడు, దాంతో కలిసి దేవుని పాట. కెమెరా అతను ముందే వెలుపలి నుంచి తీయడం మొదలుపెట్టాడు. గడపలో నిలబడి నేను "బావా" అనబోతున్నాను. మాతో వచ్చిన ఇంజనీరు నా పక్కన ఆగిపోయాడు. అతను నా కంటే ముందు చూశాడు. మిషను కింద తొక్కుడు పలక మీద బావ పాదాలు పైకీ కిందికీ ఆడుతున్నాయి. ఎడమ పాదం చుట్టూ మన పట్టీ. దాని మీద పచ్చ లైటు, పాదంతో పాటు పైకి పోతూ కిందికి వస్తూ.

ఇంజనీరు చేతిలో పలక లాంటి తెర ఉంది. దాని మీద ఆమె గీత అప్పుడే అలలు వేస్తోంది. మమ్మల్ని చూసి బావ తొక్కడం ఆపాడు. తెర మీద గీత చదునైంది.

ఆయన దాచుకోలేదు. దాచుకోవాల్సిన పని అనుకోలేదు. లేచి చేతులు జోడించి, కుర్చీ మీది బట్టలు తీసి, "కూసోండ్రి సార్" అన్నాడు.

"అక్క ఏది బావా?"

"చేనుకు పోయింది. గీ దినంతోని బదుళ్ళు ఒడుస్తయి. రేపటి సంది ఇంట్లనే ఉంటది."

డాక్టరు గారు మెల్లగా అడిగారు. "పట్టీ నువ్వెందుకు కట్టుకున్నవు?"

"ఆరిపోవద్దంటిరి గద సార్. ఫోన్ దగ్గర్నే ఉండాలంటిరి. ఫోన్ లేకుంటే నా గిరాకీ నడువదు, ఆమెకేమో చేను. ఆమె కట్టుకుంటే పొద్దంత కబురు వోదు, పొద్దుగూకితే ఎర్రగైతది. గందుకని నాకు కట్టి పోయింది." మా ముఖాలు చూసి, తన వల్ల ఏదో తప్పు జరిగిందనుకున్నాడేమో, గొంతు తగ్గించి అన్నాడు. "నేను ఒక్కనాడు తియ్యలే సార్. తానం జేసినప్పుడు గూడ కవరు కట్టుకున్న గని తియ్యలే. కరెంటు జర చురుక్కుమంటది. ఓర్సుకున్న."

పెద్దాయన కెమెరా ఆపమన్నారు. శాలువా కవరు ఆయన చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కారు దాకా వెళ్ళి లోపల పెట్టి వచ్చారు.

నేనూ బావా చేనుకు వెళ్ళాం. ఆడవాళ్ళు సాళ్ళలో వరసగా ఏరుతూ పోతున్నారు. ఆమె ఒక్కతే అందరి కంటే వెనక, చివరి సాలులో ఉంది. వెనకబడి ఉందనుకున్నాను. దగ్గరికి పోయాక తెలిసింది, మిగిలిన వాళ్ళే ఆమెకు దూరం జరిగారు. ఆమె పాదానికి రవికె ముక్కలు పొరలు పొరలుగా చుట్టి ఉన్నాయి. బావ మిషను కింద రాలిన ముక్కలు, ఎరుపు, పసుపు, నీలం. వాటి పైన ఎరువు సంచి కోసి తాడుతో కట్టింది. గట్టు మీదికి రాకముందే వాసన నన్ను చేరింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ వాసన ఎప్పుడు వచ్చినా దాని వెనక ఏముంటుందో నాకు తెలుసు.

"సిస్టరమ్మా, నువ్వెందుకొచ్చినవు?" అంది నన్ను చూసి, కంగారుగా. "లైటు పచ్చగ లేదా?"

"ఉందక్కా. పచ్చగానే ఉంది. కాలు చూస్త, కూర్చో."

"గీ సాలు ఒడగొట్టి వస్త. గింతే ఉన్నది."

కూర్చోబెట్టాను. తాడు కోసి పొరలు విప్పాను. వేళ్ళు నల్లబడి ఉన్నాయి. మడమ దాకా ఉబ్బిన తోలు కింద చీము కదులుతోంది. ఆమె నా చేతుల కేసి, నా ముఖం కేసి మార్చి మార్చి చూసింది. "నొప్పి లేదు సిస్టరమ్మా. గందుకే మానుతుందనుకున్న" అంది. ఒళ్ళు కాలిపోతోంది.

మిగిలిన ఆడవాళ్ళు చుట్టూ చేరారు. అందులో ఒక పెద్దామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "వాసనొస్తుందని మేం జర దూరం జరిగినం సిస్టరమ్మా. ముఖం మీద ఎట్ల చెప్పుదుము? చెప్తే బాధ పడుతదని చెప్పలే" అంది. ఆమె చెప్పింది నిజమే. ఆ చేనులో చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ ఇంట్లో లేరు, మా ఆసుపత్రిలోనూ లేరు. నాకు ఇప్పటికీ దిక్కుతోచనిది అదే. తిట్టుకోవడానికి కూడా ఎవరూ దొరకరు.

కారులోనే కరీంనగర్ తీసుకొచ్చాం. దారి పొడుగునా ఇంజనీరు అద్దం దింపుకుని బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఒకచోట కారు ఆపమని దిగి, రోడ్డు పక్కన కక్కుకుని వచ్చాడు. ఆమె అతని వీపు నిమరమని నాకు సైగ చేసింది.

ముందు మోకాలి కింద తీశారు. విషం పైకి పాకిందని మళ్ళీ తొడ దగ్గర తీశారు. గోరుచుట్టు మీద రోకటి పోటంటారు, అది కూడా దీనికి చాలదు. తీసిన కాలును ఏం చేయమంటారని ఆసుపత్రి వాళ్ళు అడిగితే బావ మాకే ఇవ్వమన్నాడు. వాళ్ళు నల్లటి ప్లాస్టిక్ కవరులో ఇవ్వబోయారు. ఆయన తీసుకోలేదు. ఊరికి పోయి, తెల్లటి బట్ట తీసి, మిషను మీద సంచి కుట్టి తెచ్చాడు. దానికి మూతి బిగించే తాడు కూడా కుట్టాడు. ఆమె కొలత ఆయనకు తెలుసు, సరిగ్గా సరిపోయింది.

చర్చి సమాధుల దొడ్లో పూడ్చుకోవడానికి సంఘ పెద్దలు మొదట వెనకాడారు. మనిషి బతికే ఉంది కదా, కాలికి ప్రార్థన ఎట్లా చేస్తారన్నారు. పాస్టరు గారు పెద్ద చదువులు చదివిన మనిషి, ఆయనకూ ఏం చేయాలో తోచలేదు. చివరికి వచ్చి, పాట లేకుండా, ప్రార్థన లేకుండా నిలబడి వెళ్ళిపోయారు. బావ ఒక్కడే గుంత పూడ్చాడు. నేను ఆయన ఎడమ కాలు చూశాను. పట్టీ ఇంకా ఉంది. ఎవరమూ తీయమని చెప్పలేదు, ఆయన తీయలేదు. మట్టి కొట్టుకుపోయినా లోపల పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. కూర్చోబెట్టి నేనే విప్పాను. బిళ్ళ కింద ఆయన తోలు కరెంటుకు కంది, చిన్న ఎర్రటి మచ్చ పడి ఉంది.

కొన్నాళ్ళకు ఆసుపత్రిలో మీటింగు పెట్టారు. నియమం పాటించని పేషెంటు కాబట్టి ఆమెను లెక్కలోంచి తీసేస్తున్నామన్నారు. ఆమెను తీసేస్తే పట్టీ ఫలితాలు బాగానే ఉన్నాయట. నాకు కోపం వచ్చింది. నియమం ఆమె కంటే బాగా ఎవరు పాటించారండీ, ఆరిపోవద్దన్నాం, ఆరిపోనివ్వలేదు, ఇంకేం పాటించాలి అని అడిగాను. డాక్టరు గారు నీళ్ళ గ్లాసు నా వైపు జరిపారు. ఆ తర్వాత మాట ఇంకో విషయం మీదికి పోయింది.

ఇప్పుడు కొత్తగా వచ్చే పట్టీలు కాలు మారితే పసిగడతాయని ఆ ఇంజనీరు పండుగకు ఫోను చేసినప్పుడు చెప్పాడు. ఆ పని అతనే పట్టుబట్టి చేయించాడట. మంచిదే. పచ్చ లైటు ఇంటికి మాత్రం ఇప్పటికీ ఎవరూ వెళ్ళడం లేదు. బదులు తీర్చాల్సిన ఆడవాళ్ళ చేన్లలో పత్తి ఇప్పటికీ పగులుతూనే ఉంది. మీరు ఉద్యోగంలో చేరాక ఏదైనా మార్చగలరేమో నాకు తెలియదు. మార్చగలరని రాయమని మీ సంచిక వాళ్ళు అడుగుతారేమో గాని, నాకు ఆ నమ్మకం లేదు.

ఆమె ఆ ఎండాకాలం దాటలేదు. తొడ దగ్గరి గాయం మానలేదు, విషం రక్తంలోకి పోయింది. ఆమె కాలు ఉన్న చోటి పక్కనే ఆమెనూ పెట్టారు.

నేను ఆఖరిసారి చూసింది అంతకు కొద్దిరోజుల ముందు, వాళ్ళ ఇంట్లో. మిషను మీద దుప్పటి కప్పి ఉంది. బావ చాయ్ కాచి తెచ్చాడు. కట్టు మార్చి, చేతులు కడుక్కుని పీట మీద కూర్చున్నాను. ఆమె చాలాసేపు పైకప్పు చూస్తూ పడుకుని, తర్వాత నా వైపు తిరిగింది. నేను అడగలేదు, తనే చెప్పింది.

"నీ కాళ్ళు పోయేటట్టున్నయంటివి గద సిస్టరమ్మా. గందుకే గాయినకు కట్టిన. లైటు పచ్చగుంటె నువ్వు నడిచి రావుడు తప్పుతదనుకున్న."

చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"ఇగ కాలే లేదు గద" అంది. "ఇగ నీకు మా ఊరికొచ్చే పని లేదు. జర ఆరాం చేస్కో."

బస్సు వేళైంది. లేవబోతే మోకాళ్ళు పట్టేశాయి. గోడ కోసం వెతుకుతుంటే, ఆమె పడుకున్న చోటి నుంచే నాకు ఆసరాగా చెయ్యి చాచింది. ఆ చెయ్యి పట్టుకునే లేచాను.